ముసలమ్మ నూనెగిన్నె

జూన్ 3

ఒరే నూనెసీసా,

కవరు మీద నా చేతిరాత చూసి మీ అమ్మాయి "మామయ్యకి ఒంట్లో ఎలా ఉందో" అని కంగారు పడుతుందేమో. బాగానే ఉన్నానని ముందే చెప్పెయ్. ఫోను చేద్దామంటే నీ చెవులతో లాభం లేదు. పోయినసారి నేను "మోకాలు ఎలా ఉంది" అంటే నువ్వు "మొక్కలు బాగానే ఉన్నాయి బావా, రోజూ నీళ్ళు పోస్తున్నా" అన్నావు. ఆ మాటకి మీ అక్క ఇప్పటికీ నవ్వుతోంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

సంగతేమిటంటే, నేను లేతు కొన్నాను. గడియారాలు బాగుచేసే ఒకాయన కొట్టు మూసేస్తూ అమ్మాడు. ఇనుముని తిప్పుతూ తొలిచే మిషనే, కానీ బల్ల మీద పెట్టుకునేంత చిన్నది. పని చేసినన్నాళ్ళూ లేతు ముందు నిలబడి, హమ్మయ్య అని రిటైరైనవాడు మళ్ళీ లేతు కొనడం ఏమిటని మీ అక్క అడిగింది. అప్పుడు తిప్పినవన్నీ మిల్లువి, ఇప్పుడు తిప్పేది నాది అన్నాను. "అయితే ఊడ్చేది కూడా మీరే" అంది. వెనక గదిలో కిటికీ పక్కన బిగించాను. అక్కడుండే కుట్టుమిషను ముందు గదిలోకి జరిగింది. ఆ జరగడం గురించి ఇంట్లో ఇంకా చర్చలు సాగుతున్నాయి.

దేనికి ఇదంతా అంటావు. మన ముసలమ్మని మళ్ళీ చెయ్యడానికి.

నవ్వకు. ఒంటిచేత్తో మిల్లు మొత్తాన్ని తిప్పిన ఆవిరి ఇంజనుని ఇవాళ తలుచుకునేవాళ్ళు ఎవరున్నారు, మనిద్దరం తప్ప? కరెంటు మోటార్లు రాగానే దాన్ని ముక్కలు కోసి లారీల్లో పంపేశారు. ఒక్క ఫోటో కూడా లేదు. నాకు ఉన్నదల్లా జ్ఞాపకం, అదీ సగమే. నేనుండేది పక్క షెడ్డులో. మధ్యగోడకున్న కిటికీలోంచి ఎంత కనపడితే అంతే నాకు తెలుసు. నువ్వేమో దానికి నూనె పోసి పెంచినవాడివి. చెప్పుల పెట్టెలో పట్టేంత చిన్నది చేద్దామని నా ఆశ. నిజం ఆవిరితో, నిజంగా తిరగాలి.

కాబట్టి చెప్పు. పెద్ద చక్రానికి ఆకులు ఎన్ని? మెలకువగా ఉంటే ఆరు అనిపిస్తున్నాయి, కునుకు పడితే ఎనిమిది కనిపిస్తున్నాయి. ఒంటికి ఏ రంగు? చుట్టూ ఉన్న కమ్మీ ఇత్తడిదా, ఇనుముదా?

కిటికీ అవతలి నుంచి,
నీ బావ


జూన్ 15

బావా,

నీ ఉత్తరం చదివి నాలో నేను నవ్వుకుంటుంటే, డ్యూటీకి బయల్దేరుతున్న మా అమ్మాయి గబుక్కున లాక్కుని చదివింది. "మామయ్యకి పిచ్చి పట్టిందని అత్తయ్య ఫోన్లో చెప్తే నమ్మలేదు" అంది. పట్టిందనే నాకూ అనిపిస్తోంది. కానీ అంటుకునే రకం లాగుంది, ఆ రోజు నుంచి నాకూ వేరే ధ్యాస లేదు.

ఆకులు ఆరే. ఎనిమిది కనపడుతున్నాయంటే కళ్ళద్దాలు మార్చు. ఒంటికి ముదురాకుపచ్చ, అంచుల్లో సన్నటి ఎర్రగీత. చక్రం అంచుకి రంగు వెయ్యకు, అది ఎప్పుడూ తుడిచి తుడిచి వెండిలా ఉండేది. కమ్మీ ఇత్తడిదే. పెద్దమేస్త్రీ జేబులోంచి తెల్లగుడ్డ తీసి కమ్మీ పొడుగునా రాసుకుంటూ నడిచేవాడు చూడు, గుడ్డకి మరక అంటితే ఆ పూట నాతో మాటల్లేవు. తిట్టినా బాగుండేది.

పొద్దున మొదటి ఆవిరి వదిలినప్పుడు నువ్వు ఎప్పుడైనా చూశావా? చూసి ఉండవు, మీ షెడ్డు ఆలస్యంగా తెరిచేవారు. చక్రం వెంటనే కదిలేది కాదు. పడుకుని లేచిన ముసలావిడ మంచం మీద కాసేపు కూర్చుని ఆలోచించుకున్నట్టు ఆగేది. తర్వాత "సరే పదండి" అన్నట్టు కదిలేది. దానికాపేరు అందుకే వచ్చిందని నేననుకుంటాను. వేడి నూనె వాసన, తడిసిన ఇటుకల వాసన, రెండూ కలిసి ఒక వాసన వచ్చేది. ఇది రాస్తుంటే ముక్కుకి తగులుతోంది.

నా చెవులు దానికే ఇచ్చేశాను. పోనీలే. మూడో అంతస్తులో ఉంటూ రోడ్డు మీది హారన్లు వినపడని అదృష్టవంతుణ్ణి మా వీధిలో నేనొక్కణ్ణే.

పని ఎక్కడిదాకా వచ్చిందో రాస్తూ ఉండు. అక్కకి చెప్పు, కుట్టుమిషను విషయంలో నేను అక్క వైపే.

నీ బావమరిది


జూలై 4

ఒరే,

అక్క వైపా! నీ ఉత్తరం ఆవిడే ముందు తీసింది. ఆ వాక్యం గట్టిగా చదివి వినిపించింది.

సిలిండరు అయ్యింది. మొదటిది పాడుచేశాను. లోపల తొలిచి చూస్తే ఒక చివర వెడల్పు, ఒక చివర ఇరుకు, ఊదుకునే సన్నాయిలా వచ్చింది. ఒక పూట అలిగి కూర్చున్నాను. రెండోది పోత ఇనుముతో, కంగారు లేకుండా, సన్నగా సన్నగా తొలిచాను. చివర్లో పిస్టన్ని లోపలికి జారవిడిచి, కింద బొటనవేలు అడ్డం పెట్టాను. పడలేదురా! గాలి మీద నిలబడింది. వేలు తీస్తే మెల్లగా, పెద్దమనిషిలా దిగింది. మీ అక్కని పిలిచి చూపించాను. "ఇందులో ఏముంది, పడలేదు, అంతేగా" అంది. అంతే మరి. ఆ అంతే కోసం నెల పట్టింది.

ఇప్పుడొచ్చిన చిక్కు ఇత్తడి. ఇరుసు తిరిగే బేరింగులకి, సిలిండరు మూతలకి మంచి ఇత్తడి కావాలి. ఈమధ్య అమ్మేది ఇత్తడి కాదు, బిస్కెట్. కోస్తుంటే లోపలంతా బుడగలు. మన కాలంలో పోసిన పాత ఇత్తడి ఎక్కడైనా నీ కంటబడితే చెప్పు. ఇంకో సంగతి, బేరింగుల మీద ఉండే నూనెగిన్నెల మూత పైకి లేచేదా, పక్కకి తిరిగేదా? కిటికీలోంచి నాకు నీ వీపే కనపడేది, గిన్నె కనపడేది కాదు.

నీ బావ


జూలై 16

బావా,

నువ్వడిగినదానికి మాటల్లో చెప్పేకన్నా వస్తువే పంపడం తేలిక. బస్సు పార్శిల్లో వేయిస్తున్నాను. ముసలమ్మ పెద్ద బేరింగు మీద ఉండే గిన్నె ఇది. మిల్లు ఆగిన రోజు పెద్దమేస్త్రీ విప్పి నా చేతిలో పెట్టాడు. ఇన్నాళ్ళూ మా కిటికీలో ఉంది.

నీకు కావలసింది దాంట్లోంచి తీసుకో. తొందరేం లేదు.

మోకాలు సలుపుతోంది, ఎక్కువ కూర్చోలేను. అక్కకి అడిగానని చెప్పు.

నీ బావమరిది


ఆగస్టు 8

ఒరే,

నీ పార్శిలు విప్పి నేను గిన్నెని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటే మీ అక్క "ఏమైంది, పగిలి వచ్చిందా" అంది. ఏం చెప్పను? నేనడిగింది పాత ఇత్తడి. నువ్వు పంపింది ముసలమ్మ ఒంట్లో ముక్క. అది లోకంలో ఎక్కడో మిగిలి ఉందనే నాకు తెలియదు. నీ దగ్గరే ఉందని అసలే తెలియదు.

చాలా రోజులు ముట్టుకోలేకపోయాను. బల్ల మీద పెట్టుకుని మూత తీయడం, వెయ్యడం, అంతే పని. (పక్కకి తిరుగుతుంది, చూశాను.) తర్వాత నీ మనసు అర్థమైంది. ముసలమ్మ మళ్ళీ లేవాలంటే దాని ఎముకతోనే లేవాలి అనుకున్నావు కదా. ఇంతమంచి ఆలోచన నాకెందుకు రాలేదా అని సిగ్గుపడ్డాను.

మొన్న దాన్ని లేతు దవడల్లో, చక్‌లో బిగించాను. అబ్బ, ఏం లోహంరా! టూలు ఆనగానే పొట్టు పొడుగ్గా చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. ఒక్క బుడగ లేదు. పైన నల్లటి మకిలి పోయి లోపలి రంగు బయటపడ్డప్పుడు గదిలో దీపం పెట్టినట్టయింది. అడుగు బిళ్ళలోంచి సిలిండరు మూతలు వచ్చాయి, కింద కాడలోంచి బేరింగులన్నీ వచ్చాయి. మూత మాత్రం కొయ్యలేదు, చేతులు రాలేదు. మిగతా గిన్నె మొత్తం ఇప్పుడు ఇంజనులో ఉంది.

ఇంతకన్నా గొప్ప కానుక నాకెవరూ ఇవ్వలేదు. ఇవ్వబోరు కూడా.

నీ బావ


ఆగస్టు 16

బావగారికి,

మీ ఉత్తరం అందింది.

మూత ఎలా తిరుగుతుందని మీరు అడిగారు. అందుకు పంపాను గిన్నె. చూసుకుని, కొలతలు తీసుకుని, వెనక్కి ఇస్తారనుకున్నాను. తీసుకో అంటే కొలతలు తీసుకోమని. కోసుకోమని కాదు.

మిగిలింది ఏమైనా ఉంటే పంపించండి. పొట్టయినా సరే.

ఇట్లు,
మీ బావమరిది


ఆగస్టు 25

ఒరే,

మా పెళ్ళయిన కొత్తలో కూడా నువ్వు నన్ను "మీరు" అనలేదు. మీ నాన్న ఎదుటే "ఏం బావా, సైకిలు ఇస్తావా" అన్నవాడివి. ఇప్పుడు "బావగారికి" అని మొదలుపెట్టావు. ఆ ఒక్క మాట తర్వాత మిగతా ఉత్తరం చదవక్కర్లేకపోయింది.

నాది తప్పు. ఒక్క కార్డు ముక్క రాసి అడిగి ఉంటే సరిపోయేది. నేను అడిగినవి రెండు. నువ్వు ఒకదానికి జవాబు పంపితే, నేను రెండోదానికి అనుకున్నాను. నా ఆశకి ఏది కావాలో అదే చదువుకున్నాను.

పార్శిలు పంపాను. అందులో మూత ఉంది, దాన్ని పట్టుకునే చిన్న మేకుతో సహా. డబ్బాలో ఉన్నది పొట్టు. బల్ల కింద, లేతు సందుల్లో, ఎక్కడ ఎంత దొరికితే అంత ఎత్తాను. చీపురు పుల్లలు కూడా కలిసి ఉంటాయి, ఏమనుకోకు. చేసిన భాగాలు కూడా ఊడదీసి పంపబోతే మీ అక్క ఆపింది. "వాడు మిగిలింది అడిగాడు, అయిపోయింది అడగలేదు" అంది.

లేతు మీద దుప్పటి కప్పేశాను. ఇక ఆ గదిలోకి వెళ్ళే పని లేదు.

నీ బావ

తమ్ముడూ, పెన్ను లాక్కుని రాస్తున్నాను. గిన్నె బిగించే ముందు "వాణ్ణి ఒక్కమాట అడగండి" అని నేను చెప్పిన సంగతి నిజం. "మా ఇద్దరి మధ్యా అడగడాలేమిటే" అన్నారు. మీ బావ నిన్ను లెక్కచెయ్యక కాదు, నిన్ను తన మనిషని అనుకుని చేసిన పని. నీ కోపం నీ ఇష్టం, ఉంచుకో. కానీ ఉత్తరం రాయి. ఈయన నాలుగు రోజులుగా నా వెనకే తిరుగుతూ నేను గిన్నె కడిగితే అది తుడుస్తున్నారు. కుట్టుమిషను మళ్ళీ వెనక గదిలో పెట్టేస్తానంటున్నారు. నాకక్కర్లేదు. ముందు గదిలోనే వెలుతురు బాగుంది.


సెప్టెంబరు 14

బావా,

"గారు" తీసేశాను, చూసుకో. కోపం పూర్తిగా పోయి కాదు. "గారు అని రాస్తే నేను పోస్టు చెయ్యను నాన్నా" అని మా అమ్మాయి అంది. నా మోకాలితో మూడంతస్తులు నేనే దిగి పోస్టు చేసేంత కోపం నాకు లేదని తేలింది.

నీకు తెలియని సంగతి ఒకటుంది. నీకు తెలియదని నాకూ ఇప్పుడే తట్టింది. మనసులో అన్నిసార్లు అనుకున్న విషయం అందరికీ తెలిసే ఉంటుందనిపిస్తుంది.

ఏడాదికొకసారి ఇంట్లోవాళ్ళని మిల్లులోకి రానిచ్చేవారు చూడు. మా పెళ్ళయిన ఏడాది నా భార్య వచ్చింది. ముసలమ్మ తిరుగుతుంటే చూసి హడలిపోయి గుమ్మంలోనే నిలబడింది. పెద్దమేస్త్రీ వెళ్ళి "అమ్మాయ్, మీ ఆయన పొద్దస్తమానం చేసే ఉద్యోగం ఇదే, చేసి చూడు" అని నూనె డబ్బా తన చేతిలో పెట్టాడు. నేను పక్కన నిలబడి గిన్నె మూత తిప్పి పట్టుకున్నాను. తను పోసింది. గురి తప్పి సగం గిన్నెలో, సగం నా చొక్కా మీద పడింది. పెద్దమేస్త్రీ తన తెల్లగుడ్డ తీసి నాకిచ్చాడు. అప్పుడు తను నవ్వింది. మా ఇంటికొచ్చాక అలా పగలబడి నవ్వడం అదే మొదటిసారి. కొత్త చోటు, కొత్త మనుషులు, అప్పటిదాకా నాతో నాలుగు మాటలు కూడా మాట్లాడేది కాదు. ఆ రోజు నుంచి నేను ఇంటికి రాగానే "నా గిన్నె ఎలా ఉంది?" అని అడిగేది. "ఆకలేస్తోందని చెప్పమంది" అనేవాణ్ణి. మాకు అదొక ఆట. పిల్ల పుట్టాక కూడా ఆ ఆట మానలేదు.

పెద్దమేస్త్రీ ఆ చివరి రోజు అన్నిట్లోకీ దాన్నే విప్పి నాకిచ్చాడంటే ఊరికే కాదు. నా భార్య పోయాక మిగతా వస్తువులన్నీ సర్దేశాం. గిన్నె మాత్రం కిటికీలో ఉంచాను. అదీ సంగతి.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. కోపంలో ఉన్నాను కదా, గట్టిగానే చెప్పాను, పక్కింటివాళ్ళకి కూడా వినపడే ఉంటుంది. అది అంతా విని ఏమందో తెలుసా? "నాన్నా, ఆ గిన్నె కిటికీలో ఉన్నన్నాళ్ళూ నువ్వు నాకు ఒక్క ముక్క చెప్పలేదు. నేను దాంట్లో పిన్నీసులు వేసుకునేదాన్ని. మామయ్య కోశాకే కదా, అమ్మ అలా నవ్విందని నాకు తెలిసింది" అంది. తర్వాత చాలాసేపు తనే అడుగుతూ కూర్చుంది, అమ్మ ఏ రంగు బట్టలు కట్టుకుంది, ఎవరితో వచ్చింది, ఇంకేమంది అని. కొన్ని గుర్తొచ్చాయి. కొన్ని రాలేదు.

ఇంజను ఆపేశావట. ఆపితే ఏమవుతుంది? గిన్నే పోయింది, ఇంజనూ పోయింది. రెండూ పోగొట్టుకునే ఓపిక నాకు లేదు. దుప్పటి తియ్యి.

మూత నా దగ్గర ఉంచుకుంటున్నాను. పొట్టు డబ్బా వెనక్కి పంపుతున్నాను. అది ఇక్కడుంటే రోజుకి పదిసార్లు తెరిచి చూస్తున్నాను, మంచిది కాదు. నువ్వే ఏదైనా చెయ్యి. ఈసారి అడక్కుండా చెయ్యొచ్చు.

నీ బావమరిది


అక్టోబరు 6

ఒరే బావమరిదీ,

నీ ఉత్తరం మీ అక్కే చదివింది. మధ్యలో ఆగింది. మిగతాది నేను చదివాను. ఆ గిన్నెని నేను చక్‌లో ఎలా బిగించానో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది. ఇక ఆ సంగతి ఎత్తను. ఎత్తితే నువ్వే ఊరుకోమంటావు.

పొట్టుని కరిగించాను. చీపురు పుల్లలు కాలిపోయాయి, దిగులుపడకు. దాంతో రెండు చిన్న నూనెగిన్నెలు చేసి పెద్ద బేరింగు మీద, చిన్న బేరింగు మీద బిగించాను. కందిగింజంత ఉంటాయి. మూతలు పక్కకే తిరుగుతాయి. వాటిని చెయ్యడానికి కంటికి భూతద్దం కట్టుకోవాల్సి వచ్చింది. ఆ వేషంలో తలుపు తీస్తే పాలబ్బాయి రెండడుగులు వెనక్కి వేశాడు.

బాయిలరు రాగిది. కింద స్పిరిట్ దీపం. ఆకుపచ్చ రంగు, ఎర్రగీత, నువ్వు చెప్పినట్టే. ఆదివారం పొద్దున మొదటిసారి ఆవిరి ఎక్కించాను. మీ అక్క కుర్చీ తెచ్చుకుని కూర్చుంది. ఆవిరి వచ్చింది, వాల్వు తిప్పాను, చక్రం ఒక చుట్టు తిరిగింది. మా ప్రాణాలు లేచొచ్చాయి. రెండో చుట్టు సగంలో ఆగి, వెనక్కి తన్నింది. మళ్ళీ వేలితో తోశాను. మళ్ళీ తన్నింది. బుస్సుమని ఆవిరంతా ఒక పక్కకి పోతోంది. దీపం కొండెక్కేదాకా ఇదే వరస. "దీనికి బయల్దేరడం ఇష్టం లేదండీ" అంది మీ అక్క.

నీకేమైనా తడుతోందా?

నీ బావ


అక్టోబరు 14

బావా,

తట్టింది. ఆవిరి లోపలికి వెళ్ళే వేళ తప్పింది. పిస్టన్ చివరికి చేరుతుండగానే ఆవిరి తలుపు, అదే వాల్వు, కాస్త తెరుచుకోవాలి. నీది పిస్టన్ వెనక్కి మళ్ళాక తెరుచుకుంటోంది. ఇరుసు మీద వాల్వుని ఆడించే బిళ్ళ ఉంటుంది కదా, దాన్ని వదులు చేసి, రవ్వంత ముందుకి జరిపి బిగించు. ముందుకి అంటే చక్రం తిరిగే వైపుకి.

చక్రం ఎటు తిరిగేదో నీకు తెలుసా అసలు? నువ్వు చూసింది కిటికీలోంచి. నీకు ఎడమకి తిరిగినట్టు కనపడి ఉంటుంది. నేను దాని ఇవతలి పక్క నిలబడేవాణ్ణి, నాకు కుడికి. దాని పైఅంచు ఆకాశం వైపు నుంచి సిలిండరు మీదకి వాలినట్టు తిరిగేది. అది పట్టుకో.

మొదటిసారి తిరిగినప్పుడు నేను అక్కడ ఉండాల్సింది. మోకాలు బస్సెక్కనివ్వడం లేదు. మా అమ్మాయికి సెలవు లేదు. సర్లే.

నీ బావమరిది


నవంబరు 4

ఒరే నూనెసీసా,

తిరిగింది!

కానీ ముందు నా తెలివి విను. నువ్వు "చక్రం తిరిగే వైపుకి" అన్నావు. నీకు కుడికి అన్నావు కదా అని, నేను మిల్లులో నా కిటికీ ఉండే వైపే నిలబడి నా కుడికి జరిపాను. ఇంజను బ్రహ్మాండంగా తిరిగింది, వెనక్కి. మీ అక్క ఆనందంగా చప్పట్లు కొట్టింది. నేను తల పట్టుకుని కూర్చున్నాను. "తిరుగుతోందిగా" అంటుంది. "అటు కాదే" అంటాను. "ఎటైతే ఏమండీ" అంటుంది. చివరికి ఇంజనుకి అవతలి పక్క, గోడకి ఆనుకుని, నువ్వు నిలబడేచోట నిలబడ్డాను. అప్పుడు నీ ఉత్తరం మొత్తం అర్థమైంది. ఇన్నేళ్ళూ ముసలమ్మని తిరగేసి చూశానురా నేను.

ఈసారి సరిగ్గా జరిపాను. ఆవిరి వదిలాను. కదల్లేదు. నేను వేలు పెట్టబోతుంటే మీ అక్క నా చెయ్యి పట్టుకుంది, "ఉండండి, ఆలోచించుకోనివ్వండి" అంది. నీ ఉత్తరాలు ఆవిడ నాకన్నా శ్రద్ధగా చదువుతోంది. ఒక్క క్షణం అయ్యింది. తర్వాత దానంతటదే కదిలింది. మెల్లగా, ఆ తర్వాత హుషారుగా. ఆకులు కలిసిపోయి కనపడలేదు. ఆరో ఎనిమిదో లెక్కపెట్టే అవసరమే లేకుండా పోయింది. "దీనికోసమా ఇంత రాద్ధాంతం" అంటూ మీ అక్క అక్కడే నిలబడిపోయింది. పొయ్యి మీద పెట్టిన పాలు పొంగి, గిన్నె మాడి, వాసన వచ్చేదాకా ఇద్దరికీ తెలియలేదు.

నీకు మోకాలు, మాకు కాళ్ళున్నాయి. పదిహేనో తారీఖున ఇద్దరం వస్తున్నాం. ముసలమ్మ కూడా వస్తుంది, నా ఒళ్ళో కూర్చుని.

నీ బావ


నవంబరు 30

బావా,

మీ ఇద్దరినీ బస్సెక్కించి ఇంటికొచ్చి, చెప్పుల కోసం మంచం కింద చెయ్యి పెడితే ముసలమ్మ తగిలింది. పక్కనే స్పిరిట్ సీసా, నూనె డబ్బా, తుడిచే గుడ్డ. ఆటోలో ఇంజను తెచ్చిన పెట్టె నన్ను ముట్టుకోనివ్వకుండా నువ్వే ఎందుకు మోశావో ఇప్పుడు తెలిసింది. దాంట్లో ఏం పెట్టావు, మా అమ్మాయి పాత పుస్తకాలా? మర్చిపోయానని మాత్రం బొంకకు. ఏడాదిలో సగం దాని మీద కూర్చున్నవాడివి, మర్చిపోతావా?

రెండు మూడు రోజులు నేను దాన్ని ముట్టించలేదు. మీరున్నప్పుడు నడిపింది నువ్వు. నేను నూనె పోశాను, అంతే. నాకు చప్పుడు వినపడటం లేదని గ్రహించి నువ్వు నా వేలు పట్టుకుని బేరింగు మీద పెట్టావు చూడు, అప్పుడు తెలిసింది నాకు అది నడుస్తోందని. అచ్చం అదే అదురు. చిన్నదైపోయింది, అంతే. నేను మొహం తిప్పుకుంటే మీరిద్దరూ చూడనట్టు నటించారు. బాగానే నటించారు.

నిన్న జరిగింది చెప్పాలని ఈ ఉత్తరం.

మా అమ్మాయికి ఈ నెలంతా రాత్రి డ్యూటీ. ఆసుపత్రి నుంచి పొద్దున వచ్చి పడుకుంటుంది. పడుకోవడమే గాని నిద్ర ఉండదు. కింద రోడ్డు, ఎదురుగా ఇల్లు కడుతున్నారు, అటూ ఇటూ దొర్లి, తలనొప్పితో లేచి కూర్చుంటుంది. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. మీరూ చూశారు కదా, అక్క అడిగింది కూడా.

నిన్న అది పడుకున్నాక నాకేం తోచక ఇంజనుని కిటికీ దగ్గర బల్ల మీద పెట్టుకుని దీపం వెలిగించాను. తన గది తలుపు తీసి ఉందని చూసుకోలేదు. చప్పుడవుతుందన్న ధ్యాసే లేదు. నాకది వేళ్ళకి తెలిసే సంగతే గాని చెవులకి కాదు కదా. బాగా నడుస్తోంది. నేను గుడ్డ తీసి అదీ ఇదీ తుడుస్తున్నాను. ఉన్నట్టుండి తలుపు తీసి ఉండటం కనపడింది. పిల్లని లేపేశాననుకుని వెళ్ళి చూశాను.

పడుకుని ఉంది బావా. చెయ్యి ఒకటి మంచం మీంచి కిందకి వేలాడేసి, నోరు తెరుచుకుని, ఒళ్ళు తెలియని నిద్ర. ఎన్ని రోజులకో.

మిల్లు క్వార్టర్స్ గుర్తొచ్చాయి. మన ఇళ్ళకి ముసలమ్మ గోడ అవతలే ఉండేది. పిల్లలందరూ పగలు ఆ చప్పుడుకే పడుకునేవాళ్ళు. అది ఆగితేనే లేచి ఏడ్చేవాళ్ళు. మరమ్మత్తుకని ఆపిన రోజు వీధి వీధంతా పసిపిల్లల ఏడుపులే. ఆడవాళ్ళందరూ గుమ్మాల్లోకొచ్చి మమ్మల్ని తిట్టేవారు. మా అమ్మాయి ఉయ్యాల్లో ఉండేది అప్పుడు. దానికి ఏమీ గుర్తుండదు. ఉండే వయసు కాదు.

నేను గుమ్మంలో అలా చూస్తూ నిలబడిపోయాను. కాసేపటికి అది కళ్ళు తెరవకుండానే కదిలింది, నుదురు ముడిచింది. పెదాలు ఏదో అన్నాయి. వంగి చూశాను. పెదాలు చూస్తే నాకు తెలిసిపోతుంది.

"ఆగిపోయింది నాన్నా" అంది.

వెనక్కి తిరిగి చూస్తే నిజమే, దీపం కొండెక్కింది, చక్రం నిలబడి ఉంది. గబగబా వెళ్ళి బాయిలర్లో నీళ్ళు పోశాను. స్పిరిట్ నింపి వెలిగించాను. రెండు గిన్నెల్లోనూ చుక్క చుక్క నూనె వేశాను. ఆవిరి అందాక కదిలింది. వేలు బేరింగు మీద పెట్టుకుని, అది లేచేదాకా అక్కడే కూర్చున్నాను.

ఇంజను అడక్కు, ఇవ్వను. అక్కని అడిగానని చెప్పు.

డ్యూటీలో ఉన్న,
నీ బావమరిది